షోరూం చెడగొట్టింది, ఆటోనగర్ మేస్త్రి బాగుచేశాడు: తొమ్మిది రోజులు, 18,950 రూపాయలు

ముందే చెప్పేస్తాను, ఇది ఒక పెయింటు షాపు గురించిన రివ్యూ, కానీ షాపు పేరు ఇందులో ఉండదు. మేస్త్రి గారే పెట్టొద్దన్నారు, ఎందుకన్నారో తర్వాత చెబుతాను. కారును పాడుచేసి నన్ను ఆయన దగ్గరికి తోలిన సర్వీస్ సెంటర్ పేరు కూడా రాయను. కారు ఏ కంపెనీదో కూడా చెప్పను, చెబితే బెజవాడ వాళ్ళు రెండు నిమిషాల్లో పోల్చేస్తారు. ఏడేళ్ళ నాటి వెండి రంగు సెడాన్. అంతవరకు చాలు.

పోయిన ఏడాది మే నెల మొదట్లో బెంజి సర్కిల్ దగ్గర ఆగి ఉండగా ఒక ట్రాలీ ఆటో ఎడమ పక్కన రాసుకుంటూ పోయింది. వెనక డోరు మీద రెండడుగుల గీత, దాని కింద అరచేయంత సొట్ట, వెనక బంపర్ మూల పగిలింది. ఆటో అబ్బాయి దగ్గర తీసుకునేదేమీ లేదు, ఇన్సూరెన్స్ ఉంది కదా అని అధీకృత సర్వీస్ సెంటర్‌కే ఇచ్చాను. సామాన్ల పాతదనానికి కోత పెట్టని జీరో డెప్ పాలసీ అయిదేళ్ళు దాటాక మానేశాను కాబట్టి ప్లాస్టిక్ సామాన్లలో సగం, పెయింటు మెటీరియల్‌లో సగం, పైన తప్పనిసరిగా కట్టాల్సిన వెయ్యి రూపాయలు నావే. బిల్లు 31 వేలు, నా చేతి నుంచి 7 వేల చిల్లర. అసలు మంట అది కాదు, అయిదేళ్ళు ఒక్క క్లెయిమూ లేకుండా కూడబెట్టుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో వచ్చే తగ్గింపు, ఆ ఒక్క గీతకు ఊడిపోయింది. అంత పోగొట్టుకుని చేయించిన పని ఎలా ఉండాలి?

అయిదు రోజులన్నారు, పదహారో రోజున ఫోను చేశారు. సాయంత్రం ఏడింటికి రమ్మన్నారు. ఆ టైమే ఎందుకో అప్పుడు తట్టలేదు. ట్యూబ్‌లైట్ల కింద కారు అద్దంలా మెరుస్తోంది, అడ్వైజర్ కుర్రాడు నవ్వుతూ "సార్, మీ కోసం ఫ్రీగా ఫుల్ బాడీ రబ్బింగ్ పాలిష్ కూడా చేయించాను" అన్నాడు. నేను థాంక్స్ కూడా చెప్పాను. 'పని సంతృప్తికరంగా ఉంది' అన్న కాగితం మీద సంతకం పెట్టి, సెక్యూరిటీ అతనికి యాభై ఇచ్చి మరీ వచ్చాను.

మర్నాడు పొద్దున తొమ్మిదికి అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి కారు బయటికి తీశాను. రోహిణీ కార్తె, రోళ్ళు పగిలే ఎండ. ఆ ఎండలో బానెట్ మీద సూర్యుడి బింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు వేల సన్న గీతలు, నేను కారు చుట్టూ నడుస్తుంటే ఆ గూడు కూడా నాతోపాటే నడుస్తోంది. వెనక డోరు ఎదురుగా నిలబడి చూస్తే సరిగ్గానే ఉంది, వెనక టైరు దగ్గర నిలబడి ఏటవాలుగా చూస్తే మాత్రం ముందు డోరు వెండి, వెనక డోరు మాడిన అల్యూమినియం గిన్నె. కొత్త బంపర్ మూలన కొవ్వొత్తి కారినట్టు ఒక ధార. బంపర్‌కి బాడీకి మధ్య సందు కుడివైపు గోరు దూరదు, ఎడమవైపు చిటికెన వేలు దూరుతుంది. రూఫు మీద చెయ్యి పెడితే గరుకు గరుకుగా ఇసుక చల్లినట్టుంది. బంపర్ కింది నల్ల ప్లాస్టిక్, కిటికీ కింద రబ్బరు బీడింగు అన్నీ పౌడరు దట్టించిన మొహంలా తెల్లగా. ఆ బీడింగు ఒక కొసన తెగి ఉంది, కారు కదిలితే డోరులో టకటకమని చప్పుడు. ఇక డిక్కీ మూత అంచున ఒక అంగుళం మేర రంగు పోయి కింద బూడిదరంగు ప్రైమర్ కనిపిస్తోంది. అక్కడ ఆటో తగల్లేదు. ఫ్రీ పాలిష్ తగిలింది.

వెంటనే వెళ్ళి చూపించాను. "ఎండలో చూస్తే ఏ కారైనా అలాగే కనిపిస్తుంది సార్" అన్నాడు అదే కుర్రాడు. మరి కారు ఎండలో కాక నట్టింట్లో తిరుగుతుందా అంటే నవ్వాడు. రెండు రోజులు ఉంచుకుని మళ్ళీ ఇచ్చారు, బానెట్ మీద గీతలు మాయం, నల్ల ప్లాస్టిక్ జిగేల్మంటోంది. సంతోషించాను. మూడు వారాల్లో రెండుసార్లు కడిగాక గీతలన్నీ ఎక్కడివక్కడ తిరిగొచ్చాయి, ప్లాస్టిక్ మీద తెలుపు కూడా. ఏం పూశారో మేస్త్రి గారు చెబితే గానీ తెలియలేదు: గీతల సందుల్లోకి దూరి వాటిని కప్పే నూనె లాంటి గ్లేజ్ ఒకటి ఉంటుందట, ప్లాస్టిక్‌కి మెరుపు తెచ్చే సిలికాన్ డ్రెస్సింగ్ ఉంటుందట. మురికి చొక్కా మీద సెంటు కొట్టినట్టు.

జులైలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఎడమ వెనక మ్యాట్ కింద నీళ్ళు. ఫోను చేస్తే "ఏసీ నీళ్ళు అయ్యుంటాయి సార్" అన్నారు. ఏసీ నీళ్ళు ముందు సీటు వైపు కారితే కారుతాయేమో, వెనక డోరు కిందికి ఎలా వస్తాయని అడిగితే జాబ్ కార్డ్ ఓపెన్ చేయాలన్నారు, అంటే మళ్ళీ డబ్బులు. 1915 కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు పెట్టాను. వాళ్ళు నంబరు ఇచ్చి కంపెనీకి పంపారు, కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పంపింది, సర్వీస్ సెంటర్ నాకు ఫోను చేసి వచ్చే సర్వీసుకి లేబర్‌లో 20 శాతం తగ్గిస్తామంది. వద్దన్నాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, అయిదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, కానీ సంతృప్తి కాగితం మీద సంతకం పెట్టిన చెయ్యి నాదే, దానికి తోడు నా బద్ధకం. ఇలాంటి బద్ధకం మీదే వాళ్ళ వ్యాపారం నడుస్తోందని తెలిసి కూడా వెళ్ళలేదు.

నవంబరులో మా ఆఫీసులో ఒకాయన ఆటోనగర్ మేస్త్రి సంగతి చెప్పాడు. ఆటోనగర్ గురించి బెజవాడ వాళ్ళకి కొత్తగా చెప్పేదేముంది, లారీ బాడీ కట్టడం దగ్గర్నుంచి పాత డైనమో బాగుచేయడం దాకా అక్కడ దొరకని పని లేదు, కాకపోతే ఎవడు మంచివాడో ఎవడు ముంచేవాడో తెలియాలి. ఈయనది లారీ బాడీలు కట్టే వీధి వెనక రేకుల షెడ్డు. ముందు వేపచెట్టు, లోపల నేల మీద ఎప్పుడూ నీళ్ళు చల్లి ఉంటాయి, దుమ్ము లేవకుండా. మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతుంటుంది. పాలిటెక్నిక్ చదివిన కొడుకు తండ్రితోనే పనిచేస్తున్నాడు.

వెళ్ళగానే ఎంత అవుతుందని అడిగాను. "ముందు కడగనివ్వండి సార్, మురికి మీద రేటు చెబితే మీకో నాకో నష్టం" అన్నారు. కుర్రాడు షాంపూతో కడిగి, ఆల్కహాల్ కలిపిన నీళ్ళు స్ప్రే చేసి తుడిచాడు, మిగిలిన గ్లేజ్ ఏదైనా ఉంటే పోవడానికి. అప్పుడు మేస్త్రి గారు కూరగాయల పల్చటి ప్లాస్టిక్ కవరు ఒకటి తెప్పించి, "చెయ్యి ఇందులో పెట్టి రూఫు మీద ఆడించండి" అన్నారు. వట్టి చేతికి ఇసుకలా తగిలింది కవరు లోంచి గులకరాళ్ళలా తెలిసింది. స్ప్రే గన్నుతో రంగు కొట్టేటప్పుడు రూఫు మీద, అద్దాల మీద సరిగ్గా కాగితాలు కప్పకపోతే పడిన పెయింటు తుంపర అది. ఇప్పుడు ఏ కారు కనిపించినా కవరు పెట్టి నిమరాలనిపిస్తోంది, ఇంట్లో వాళ్ళు విసుక్కుంటున్నారు.

తర్వాత కొడుకు చిన్న మీటరు తీశాడు. రేకు మీద పెయింటు మందం ఎన్ని మైక్రాన్లో చూపిస్తుంది. కంపెనీ పెయింటు మొత్తం, అంటే తుప్పు పట్టకుండా వేసే మొదటి పూత, ప్రైమరు, రంగు, దాని పైన మెరుపు కోసం వేసే రంగులేని క్లియరు అన్నీ కలిపి సాధారణంగా 90 నుంచి 140 మైక్రాన్ల మధ్య ఉంటుందట. మన తల వెంట్రుక సుమారు 70, అది గుర్తుపెట్టుకోండి. నా కారు రూఫు 112. ముందు డోరు 118. వెనక డోరు పైన 340, సొట్ట ఉన్న చోట మీటరు 1,250 చూపించింది. "సొట్ట లాగలేదు సార్, లప్పంతో నింపేశారు" అన్నాడు కుర్రాడు. బానెట్ మధ్యలో 98, అంచుల దగ్గర 80 లోపు. ఏడేళ్ళలో ఎప్పుడూ పాలిష్ పెట్టించని బానెట్ అది. మీటరు మొత్తం మందమే చెబుతుంది, అందులో పైన మిగిలిన క్లియరు ఎంతో చెప్పదు, మామూలుగానే అది 40 మైక్రాన్ల పైచిలుకు ఉంటే ఎక్కువ, కాబట్టి బానెట్ మీద మళ్ళీ గట్టిగా రుద్దితే డిక్కీ అంచుకు పట్టిన గతే దానికీ పడుతుందని మేస్త్రి గారి మాట.

ఇక్కడే నాకు ఆయన మీద గురి కుదిరింది. అన్నీ కొత్తగా చేసేస్తానని అనలేదు. డోరు పూర్తిగా గీకి మళ్ళీ వేస్తాను, రూఫు, బంపర్ ధార, బీడింగు, నీళ్ళు సరిచేస్తాను అన్నారు. బానెట్ మీద మెషీను గీతలు పోతాయి కానీ ఒకటి రెండు లోతువి ఉండిపోతాయి, వాటి జోలికి పోవద్దన్నారు. వేలిగోరు గీతకు అడ్డంగా నెమ్మదిగా లాగి చూపించారు. గోరు తట్టుకుంటే అది క్లియరు దాటి కిందికి పోయినట్టు, పాలిష్‌తో పోదు. తట్టుకోకపోతే పైపైదే, పోతుంది. డిక్కీ అంచుకు టచప్ మాత్రమే చేస్తాను, దగ్గరగా చూస్తే తెలుస్తుంది, తెలియకూడదంటే మూత మొత్తం వేయాలి, అంత అవసరం లేదు, డబ్బు మిగుల్చుకోండి అన్నారు. డబ్బు మిగుల్చుకోమన్న మాట వినే నాకు కారు ఇచ్చేయాలనిపించింది.

డోరు పని నేను రెండు సాయంత్రాలు వెళ్ళి చూశాను. లోపలి ప్యాడు ఊడదీయగానే నీళ్ళ గుట్టు బయటపడింది. డోరు రేకుకీ ప్యాడుకీ మధ్య ఒక ప్లాస్టిక్ షీటు ఉంటుంది, చుట్టూ నల్లటి బంక పట్టీతో అతికి ఉంటుంది. కిటికీ అద్దం పక్కనుంచి డోరులోకి వాన నీళ్ళు ఎలాగూ దిగుతాయి, ఆ షీటు వాటిని లోపలికి రానీయకుండా కిందికి పంపుతుంది, డోరు అడుగున ఉన్న కన్నాల్లోంచి బయటికి పోతాయి. సర్వీస్ సెంటర్‌లో ఆ షీటు చింపి, మళ్ళీ అతికించకుండా ప్యాడు బిగించేశారు. పైగా అడుగున మూడు కన్నాల్లో రెండు లప్పంతో, పెయింటుతో మూసుకుపోయాయి. డోరు ఊపితే లోపల కొబ్బరిబోండాంలో నీళ్ళలా చప్పుడు. ఇంకో వానాకాలం గడిస్తే డోరు అడుగు తుప్పు పట్టి ఊడేదట. ప్యాడు క్లిప్పులు పదింటిలో నాలుగు విరిగి ఉన్నాయి, టకటక చప్పుడు అదే. ఒక్కో క్లిప్పు పదిహేను రూపాయలు. పదిహేను రూపాయల క్లిప్పు మార్చకుండా, విరిగిన దాన్నే నొక్కి పెట్టి, 31 వేల బిల్లు వేశారు. దీని మీద ఇంకా రాస్తే బూతులు వస్తాయి, వదిలేస్తున్నాను.

లప్పమంతా తీసేసి సొట్టను వెనకనుంచి లాగాడు టింకరింగ్ అబ్బాయి. ఈసారి లప్పం పూత పల్చగా చాలింది. రంగు కలపడం మాత్రం నేను జీవితంలో చూసిన ఓపికైన పనుల్లో ఒకటి. కలర్ కోడ్ కారు స్టిక్కరు మీద ఉంటుంది, దాని ప్రకారం షాపు వాళ్ళు మెషీనులో కలిపి ఇస్తారు, అక్కడితో అయిపోయిందని నేననుకున్నాను. వెండి రంగులో అల్యూమినియం రేణువులు ఉంటాయి, అవి చదునుగా పడుకుంటే ఒక రంగు, నిక్కి నిలబడితే ఇంకో రంగు, అవి ఎలా పడుకుంటాయన్నది గన్ను ఎంత దూరంలో పట్టారు, గాలి ఎంత పెట్టారు, థిన్నర్ ఎంత వేశారు అన్న దాని మీద ఉంటుంది. తడిగా దట్టంగా కొడితే రేణువులు మునిగి రంగు నల్లబడుతుంది. నా డోరు ఏటవాలుగా చూస్తే అల్యూమినియం గిన్నెలా ఉండటానికి కారణం బహుశా ఈ రేణువుల తేడాయే. దానికి తోడు ఏడేళ్ళు ఎండలో ఉన్న కారు డబ్బా మీద కోడ్‌తో ఎందుకు కలుస్తుంది? మేస్త్రి గారు మూడు అట్టముక్కల మీద మూడు రకాలుగా కొట్టి, క్లియరు వేసి ఆరబెట్టి, మర్నాడు వాటిని ముందు డోరు పక్కన పెట్టి ఎండలో చూశారు, నీడలో చూశారు, ఎదురుగా చూశారు, మోకాళ్ళ మీద కూర్చుని పక్కనుంచి చూశారు. "ముఖం కలిస్తే చాలదు సార్, పక్క చూపు కలవాలి" అన్నారు. రెండో అట్ట ఖాయమైంది.

అయినా రంగు డోరు అంచు దగ్గర ఆపలేదు. ముందు డోరు మీదికి కొంచెం, వెనక క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం పైనుండే రేకు) మీదికి కొంచెం పల్చబరుస్తూ తీసుకెళ్ళి, క్లియరు మాత్రం ఆ మూడు భాగాల మీదా నిండుగా కొట్టారు. రంగు ఎక్కడ ఆగిందో కంటికి గీత దొరకదు. సర్వీస్ సెంటర్ వాళ్ళు ఈ పని ఎందుకు చేయలేదంటే, ఇన్సూరెన్స్ ఒక డోరుకే ఒప్పుకుంది కాబట్టి ఒక డోరుకే వేశారు. ఇందులో నిజం చెప్పాలంటే తప్పు సగం లెక్కలదే, పెయింటరుది కాదు. కానీ ఆ ముక్క నాకు ముందే చెప్పి ఉంటే పక్క డోరుకి నేనే కట్టేవాణ్ణి కదా.

అయిదో రోజు మబ్బు పట్టింది. గన్ను ముట్టుకోలేదు ఆయన. తేమగా ఉన్నప్పుడు కొడితే క్లియరు పాలిపోయినట్టు వస్తుందట. ఆరు రోజులన్న పని తొమ్మిది రోజులైంది, అందులో రెండు రోజులు వానవి, ఒక రోజు మాత్రం చెప్పాపెట్టకుండా ఎవరిదో పెళ్ళికి వెళ్ళారు, ఫోను కూడా తీయలేదు.

బంపర్ మీద ధార తీయడం దగ్గర మాత్రం నేను పక్కనే కూర్చున్నాను. మీటరు ప్లాస్టిక్ మీద పనిచేయదు, రేకు మీదే చూపిస్తుంది, కాబట్టి అక్కడ వేలికొసే మీటరు. ధారకు రెండు వైపులా మాస్కింగ్ టేపు వేశారు, చుట్టుపక్కల పెయింటు అరగకుండా. అగ్గిపెట్టెలో సగం ఉండే చెక్కముక్కకు 1500 నంబరు వాటర్ పేపరు చుట్టి, సబ్బు నీళ్ళు చుక్కలు చుక్కలుగా వేస్తూ, ధార మీదే, ఒకే దిక్కుకు, పది సార్లు రుద్దడం, తుడవడం, కళ్ళజోడు పైకెత్తి చూడటం, బొటనవేలితో తడమడం. మళ్ళీ పది సార్లు. ధార చుట్టూ మసకబారుతూ మధ్యలో మాత్రం మెరుస్తూ ఉంటుంది, ఆ మెరుపు తగ్గుతూ తగ్గుతూ బియ్యపుగింజంత అయి, అది కూడా పోయాక ఆపేశారు. టేపు తీసి 2000, తర్వాత 3000, ఆ తర్వాత కాంపౌండు అనే పాలిష్ పేస్టు, చివర్లో మెత్తటి ఫోమ్ ప్యాడు. గంటన్నర పట్టింది. మెషీను పెట్టి రెండు నిమిషాల్లో చేయొచ్చు కదా అంటే, "రెండు నిమిషాల్లో చేసినదే కదా సార్ మీ డిక్కీ" అన్నారు. ఇంకేం మాట్లాడతాను.

బంపర్ సందు సంగతి నవ్వొస్తుంది. లోపల పక్క బ్రాకెట్‌కి ఉండాల్సిన క్లిప్పు ఒకటి లేదు, దాని బదులు స్క్రూ కొట్టారు, అది ఒక పక్కకి లాగేసింది. క్లిప్పు పెట్టగానే సందు సమానమైంది.

రూఫు మీద తుంపరకు క్లే అని మెత్తటి బంకమట్టి లాంటిది వాడారు, జారడానికి నీళ్ళు స్ప్రే చేస్తూ దాన్ని రూఫు మీద రుద్దుతుంటే బూడిదరంగు గింజలు దానికి అంటుకుని వచ్చేశాయి, అద్దాల మీదవి సబ్బు నీళ్ళు పోసి బ్లేడుతో తీశారు. కిటికీ రబ్బరు బీడింగు కొత్తది తెప్పించారు. బంపర్ కింది నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి కాంపౌండు మాత్రం "అది మీరే ఇంట్లో చేసుకోండి, దానికి నాకు కూలీ ఎందుకు" అన్నారు. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపి, పాత టూత్‌బ్రష్‌తో ఆదివారం పొద్దున కూర్చున్నాను. ఆ ప్లాస్టిక్ నున్నగా ఉండదు, తోలు మీద గీతల్లా సన్న గుంటలుంటాయి, కాంపౌండు వాటిలో ఎండి కూర్చుంటుంది, గుడ్డతో తుడిస్తే పైది పోతుంది తప్ప లోపలిది కదలదు. బ్రష్ గుండ్రంగా తిప్పుతూ, నురగ తుడుస్తూ పోతే మూడో విడతకు అసలు నలుపు బయటపడింది. రెండు గంటలు, నడుం పట్టేసింది. కాంపౌండు పెట్టే ముందు ఆ అంచున రెండు రూపాయల మాస్కింగ్ టేపు అంటిస్తే ఈ పనే ఉండేది కాదు.

డబ్బుల లెక్క: డోరు 6,500, పక్క రెండు భాగాలు కలిపి 7,000, బంపర్ ధార, రూఫు, బానెట్ పాలిష్ అన్నీ కలిపి 3,500, బీడింగు, క్లిప్పులు, బంక పట్టీ 1,450, డిక్కీ టచప్ 500. మొత్తం 18,950. బిల్లు అడిగితే పాత డైరీ కాగితం చింపి రాసిచ్చారు, వారంటీ లాంటి మాటలేమీ లేవు. కంపెనీ బిల్లు, జీఎస్టీ కావాలనుకునేవాళ్ళకి ఇది కుదరదు.

లోపాలు కూడా చెప్పాలి. అది దుమ్ము రాకుండా మూసి ఉంచే పెయింటు బూత్ కాదు, రేకుల షెడ్డు, కాబట్టి ముందు డోరు మీద ఆవగింజంత దుమ్ము రేణువులు రెండు క్లియరు కింద ఉండిపోయాయి. చూపిస్తే తీస్తానన్నారు, నేనే వద్దన్నాను, ఎందుకు మళ్ళీ రుద్దడం. బంపర్ రంగు బాడీ కన్నా ఒక పిసరు తేడా ఉంది, ప్లాస్టిక్ మీద వెండి రంగు కంపెనీలోనే చాలా కార్లకి అలా ఉంటుందని రోడ్డు మీద నాలుగు కార్లు చూపించారు. నిజమే. ఇప్పుడు ఆగిన ప్రతి కారుకీ అదే చూస్తున్నాను. కారు లోపల థిన్నర్ వాసన వారం పోలేదు, సీట్ల మీద కవర్లు వేయలేదు, వెనక సీటు మీద దుమ్ము మేటవేసింది. ఫోను తీయకపోవడం ముందే చెప్పాను.

పేరు ఎందుకు వద్దన్నారో చెబుతానన్నాను కదా. కారు తెచ్చుకునే రోజు షెడ్డులో నా కారు పక్కన ఇంకో కారు, తెల్లది, అదే కంపెనీది. డ్యాష్‌బోర్డు మీద కాగితం కనిపించింది, నేను సంతకం పెట్టిన జాబ్ కార్డు లాంటిదే, పైన అదే సర్వీస్ సెంటర్ ముద్ర. మేస్త్రి గారి మొహం చూశాను. "రద్దీ ఎక్కువైతే మన దగ్గరికి తోలతారు సార్. కష్టమైనవి అసలే ఇక్కడికే. పేరు బయటికొస్తే ఆ పని కూడా పోతుంది" అన్నారు. మరి నా కారు ఎందుకు తోలలేదని అడిగాను. "మీది సులువైన పని సార్. వాళ్ళే చేసుకున్నారు."

ఎనిమిది నెలలైంది. ఈ జులైలో కూడా ముసురు పట్టింది, మ్యాట్ ఎత్తి చూశాను, పొడిగా ఉంది. డోరు కిందనుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా రోడ్డు మీద పడుతున్నాయి, పడాల్సిన చోటే. రంగు ఇప్పటికీ ఏ పక్కనుంచి చూసినా కలిసే ఉంది. మొన్న గవర్నర్‌పేటలో పార్కింగ్ నుంచి తీస్తుంటే కుడి ముందు డోరు మీద కొత్త గీత కనిపించింది, జానెడు ఉంటుంది, ఎవరి బైకు హ్యాండిలో. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నడిరోడ్డు మీదే వంగి గోరు అడ్డంగా లాగి చూశాను. తట్టుకోలేదు.